తొంభై ఆరో గంట

"ఇక్కడా రుబ్బుడే, అక్కడా రుబ్బుడేగా" అని పొద్దున ఆయన అన్నప్పుడు ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదో చెప్పాల్సొస్తుంది, చెప్పడానికి టైము లేదు. సోమవారం, అప్పటికే ఆరుంబావు. అత్తగారి మాత్రలు పొద్దుటివి ఒక గిన్నెలో, మధ్యాహ్నానివి ఒక గిన్నెలో వెయ్యాలి. ఆయన డబ్బా కట్టాలి. పాపకి సెలవులు, డబ్బా అక్కర్లేదు గానీ మధ్యాహ్నానికి కూర వండి మూతపెట్టి, ఏ గిన్నెలో ఏముందో చీటీ రాసిపెట్టకపోతే ఆ పిల్ల ఆకలితో అలాగే పడుకుంటుంది. ఇవన్నీ తెమిల్చి ఏడింటికల్లా ల్యాబులో గింజలు నీళ్ళలో వెయ్యాలి. ఏడింటికి వేస్తేనే మధ్యాహ్నం మూడింటికి ఎనిమిదో గంట, రేపు ఏడింటికి ఇరవై నాలుగో గంట, అలా శనివారం దాకా. ఆఫీసు మాత్రం తొమ్మిదింటికి మొదలు. ఆ ముందు రెండు గంటలు, ఇంట్లోవాళ్ళ దృష్టిలో ఆమె ఆఫీసులో ఉన్నట్టు, ఆఫీసువాళ్ళ దృష్టిలో ఇంట్లో ఉన్నట్టు. నిజానికి ఆ రెండు గంటలూ ఆమె ఎక్కడా లేదు.

మూడయ్యేసరికి ఐసుగడ్డల మధ్య పింగాణీ కల్వం పెట్టుకుని, నానిన సోయాగింజల తొక్కలు ఒలిచి, బద్దలు నూరుతోంది. ఎప్పుడు చూసినా చేతిలో ఐసు బకెట్టు ఉంటుందని ఆ కేంద్రంలో అందరూ ఆమెని ఐసమ్మ అంటారు. నూరేటప్పుడు గింజ వేడెక్కకూడదు, వేడెక్కితే లోపలి ప్రోటీన్లు మన చేతుల్లోనే పాడైపోతాయి. నూరుతుంటే ఆయన మాట గుర్తొచ్చి మళ్ళీ నవ్వొచ్చింది. నిజమే, రుబ్బుడే.

నూరిన రసం పరీక్షకి ఎంత పొయ్యాలో సందేహం వచ్చింది. ఇదే రకం గింజలతో ఇదే పని ఎనిమిదేళ్ళ కిందట ఇంకొకావిడ చేసిందని, ఆవిడ రిజిస్టరు బీరువా అడుగున ఉందని స్టోరక్క ఎప్పుడో చెప్పింది. తీసి దుమ్ము దులిపింది. గింజలు తీసిన ఒక్కో గంటకి ఒక్కో పేజీ. నీలం సిరాతో ముత్యాల్లాంటి అంకెలు. ఎనిమిదో గంట పేజీలో ఎంత పోసిందో ఉంది. ఆ పక్కనే, పేజీ అంచులో, సన్నటి పెన్సిలు రాత ఉంది.

"అక్కడా రుబ్బుడేగా."

ఆమె నవ్వు అలాగే ఆగిపోయింది. తర్వాత తనకి తనే సర్దిచెప్పుకుంది. పాపం, ఆవిడింట్లోనూ ఒకాయన ఉండుంటాడు, ఆవిడ పొద్దున విని మధ్యాహ్నం ఉడుక్కుని రాసుకుని ఉంటుంది. పాతావిడ మీద ఎక్కడలేని ఆప్యాయత పుట్టుకొచ్చింది. రిజిస్టరు మూసి బీరువాలో పెట్టబోయి మాత్రం, మళ్ళీ ఒకసారి ఆ అంచు తెరిచి చూసింది.

ఆమెకి నలభై ఒకటి. ఆయన నీటి సరఫరా శాఖలో ఇంజినీరు. ఆయనకి బదిలీ అయితే ఆమె కూడా బదిలీ పెట్టుకుని ఈ ఊరొచ్చి ఎనిమిది నెలలైంది. ఇక్కడి విత్తన పరిశోధన కేంద్రంలో ఆమె టెక్నికల్ అసిస్టెంటు. పైన ఉన్న శాస్త్రవేత్తని వెనకాల అందరూ మెల్లసారు అంటారు. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. తిట్టినా మెల్లగానే, పక్కవాళ్ళు పొగుడుతున్నాడనుకునేంత మెల్లగా.

ఆ వారం పని మెల్లసారు మందుకి సంబంధించింది. గోదాముల్లో ఏళ్ళ తరబడి పడున్న పాత గింజల్ని ఆయన కనిపెట్టిన ద్రావణంలో అరగంట ముంచితే అవి కొత్త గింజల్లా మేలుకుంటాయని ఆయన అంటున్నాడు. కొత్తవి, పాతవి, మందులో ముంచిన పాతవి, మూడూ పక్కపక్కన పరీక్షించి అది నిజమో కాదో చూడాలి. వచ్చే సోమవారం కమిటీ కూర్చుంటుంది. వాళ్ళు సరేనంటే ఆ పాత నిల్వంతా ఈ విత్తుల కాలానికి రైతుల చేతికి వెళ్ళిపోతుంది. మేలుకోవడమంటే ఏమిటో ఆమెకి బాగా తెలుసు. గింజ తన బద్దల్లో పెద్ద పెద్ద ప్రోటీన్లు దాచుకుని ఉంటుంది. నీళ్ళు తగిలి, లోపల ప్రాణముంటే, రెండు మూడు రోజుల్లో వాటిని తనే తుంచుకుని ఆ తునకలు మొలకకి తినిపిస్తుంది. రసాన్ని జెల్ అనే మెత్తటి పలక మీద కరెంటుతో పరిగెత్తించి నీలం రంగు పట్టిస్తే అదంతా గీతలుగా కనిపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ పైనున్న లావు గీతలు చిక్కిపోతాయి, కింద సన్నగీతలు పుడతాయి. చచ్చిన గింజలో ఇదేమీ జరగదు. కానీ చచ్చిన గింజ కూడా నీళ్ళు తాగుతుంది. ఉబ్బుతుంది. నిగనిగలాడుతుంది. మొదటి రోజు రెండింటినీ పక్కపక్కన పెడితే ఏది బతికుందో కళ్ళతో చెప్పలేం. కొత్తగా చేరిన రోజుల్లో ఆమె ఆ ఉబ్బిన చచ్చిన గింజల వైపు చూడలేకపోయేది. ఎవరో నవ్వుమంటే నవ్వినట్టుండేవి.

మంగళవారం ఏడింటికి ఇరవై నాలుగో గంట. కొలత కోసమే రిజిస్టరు తీశానని అనుకుంది గానీ కళ్ళు ముందు అంచుకే వెళ్ళాయి.

"ఏం చేశావని ఇంత అలసట?"

సాయంత్రం ఇంటికి రాగానే, చెప్పులు కూడా విప్పకుండా హాల్లో కుర్చీలో కూలబడింది. పొద్దుటి మాట మర్చిపోయింది కూడా. అత్తగారు మంచం మీంచి ఆమె వైపు తిరిగి కాసేపు చూసింది. ఆవిడ మామూలుగా "వచ్చావా అమ్మాయ్, వేణ్ణీళ్ళు పెట్టు" అంటుంది. ఎనిమిది నెలలుగా అదే మాట. ఆరోజు అది అనలేదు. కొత్త పాఠం అప్పజెప్పినట్టు, ఒక్కో ముక్కా విడదీసి, "ఏం చేశావని ఇంత అలసట?" అంది. అని, తన నోట్లోంచి ఆ మాట ఎందుకొచ్చిందో తనకే తెలియనట్టు దుప్పటి సర్దుకుని గోడవైపు తిరిగింది.

ఆయనతో చెప్పకుండా ఉండలేకపోయింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు. చివరికి భుజం తట్టి, ఇందులో వింతేముంది, ఇవన్నీ అందరిళ్ళలో అనే మాటలే కదా, ఎవరిల్లు తీసుకున్నా ఇవే వినిపిస్తాయి అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. ఆమెకి అప్పటిదాకా పుస్తకమంటేనే భయం. ఆ మాటతో వీధంటే భయం మొదలైంది. ఎదురింటి దీపం, పక్కింటి దీపం, ఆ పై అంతస్తులో దీపం, ప్రతి వెలుతురు కిందా ఒకరు ఒకే వాక్యం అంటున్నట్టూ, ఒకరు వింటున్నట్టూ అనిపించి కిటికీ రెక్క వేసేసింది.

బుధవారం, నలభై ఎనిమిదో గంట. చూడకూడదనుకుంటూనే చూసింది.

"ఉప్పు వేశావా, వేశాననుకున్నావా?"

ఇది మాత్రం ఆపగలననుకుంది. పొద్దున వండి మూతపెట్టి వచ్చిన కూర గుర్తొచ్చింది. ఉప్పు వేసిన గుర్తుంది. వేసిన చెయ్యి గుర్తుంది. కానీ ఆ గుర్తు ఇవాళ్టిదా, నిన్నటిదా, పదిహేనేళ్ళలో ఏదో ఒక రోజుదా? ఇంటికి ఫోన్ చేసి పాపని నిద్రలేపి కూర రుచి చూడమంది. ఆ పిల్ల విసుక్కుంటూ వెళ్ళి చూసి, ఉప్పు సరిపోయిందని చెప్పింది. ఆమె గుండెలమీద చెయ్యి వేసుకుంది. చూశావా, ఈసారి తప్పింది అనుకుంది. తప్పించుకున్నది ఎవరి నుంచో తెలియదు గానీ తప్పించుకున్న తేలిక మాత్రం ఉంది. ఆ తేలికలోనే మధ్యాహ్నం జెల్‌కి కావలసిన ఉప్పు ద్రావణం కలిపి, సీసా మీద తేదీ వేసింది. పదకొండింటికి మెల్లసారు వచ్చి ఆ సీసా తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. మందు కలిపిన పాత గింజల గీతలు తను కోరుకున్నట్టు కదలడంలేదని అప్పటికే ఆయనకి తెలుసు.

"ఉప్పు వేశావా, వేశాననుకున్నావా?" అన్నాడు మెల్లగా.

ఉప్పు వేసింది. ఎన్ని గ్రాములు వేసిందో రాసి ఉంది. ఆ కాగితం చూపించబోయి ఆమె ముందు వేరే కాగితం తీసింది. ఆ తడబాటు చూసి ఆయన తల పంకించాడు, తన అనుమానం నిజమైనట్టు.

ఆ తర్వాత ఆమె రిజిస్టరులో మిగిలిన పేజీలన్నిటికీ కలిపి పెద్ద క్లిప్పు పెట్టేసింది. పెట్టిందన్నమాటే గానీ గురువారం ఏడింటికి డెబ్బై రెండో గంట గింజలు తీస్తుంటే, ఎడమచెయ్యి తనంతట తనే వెళ్ళి ఒక్క పేజీ వరకు క్లిప్పు జరిపింది.

"నీకు తెలీదులే, నాన్ననడుగుతా."

చదివి నిజంగానే ఊపిరి పీల్చుకుంది. ఇది ల్యాబులో ఎవరూ అనే మాట కాదు. ఆయన అనే మాట కాదు, అత్తగారు అనేదీ కాదు. పాతావిడకి పిల్లలుండి ఉంటారు, అంతే. పన్నెండింటికి పాప ఫోన్ చేసింది, కత్తెర ఎక్కడుందని. ఎందుకే అంటే సెలవుల్లో చెయ్యాల్సిన ప్రాజెక్టు ఉందంది. దేనిమీద అంటే, గింజలు ఎలా మొలకెత్తుతాయి అన్నదానిమీద. ఆమె చేతిలో అప్పుడు డెబ్బై రెండో గంట కొత్త గింజలున్నాయి. తెల్లటి మొలకలు వేలెడంత సాగి, బద్దలు మెత్తబడి, ఒలుస్తుంటే తొక్క దానంతటదే జారిపోతోంది. ఆమె ఒళ్ళంతా ఒక్కసారి వెలిగినట్టయింది. సాయంత్రం వచ్చాక నేను చెప్తా కదా, గింజలే తెచ్చి చూపిస్తా, అసలు లోపల ఏమవుతుందంటే... అని మొదలుపెట్టింది.

"నీకు తెలీదులే, నాన్ననడుగుతా" అని పాప ఫోన్ పెట్టేసింది.

కోపంగా అనలేదు, చులకనగా కూడా అనలేదు. కత్తెర ఎక్కడుందో అమ్మకి తెలుస్తుంది, గింజ ఎలా మొలకెత్తుతుందో నాన్నకి తెలుస్తుంది. ఆ పిల్లకి పధ్నాలుగేళ్ళుగా ఇల్లు నేర్పిన చదువు అది. నేర్పినవాళ్ళలో తనూ ఉంది. ఎన్నిసార్లు తనే అనలేదు, నాన్ననడుగమ్మా, నాకు పనుంది అని. ఆమె ఫోన్ బల్లమీద పెట్టి, చేతిలోని మొలకల్ని ఐసులో పెట్టింది. ఏడుపు రాలేదు. వెనక ఎవరో నిలబడి తను ఏడుస్తుందా లేదా అని చూస్తున్నట్టనిపించింది. తిరిగి చూస్తే బీరువా, తడి కాగితాలు, గోడకి వేలాడుతున్న తెల్ల కోటు.

పాతావిడ గురించి స్టోరక్కని అడిగితే ముందు నసిగింది. పాతావిడ ఒక శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళి మళ్ళీ రాలేదని, సారు ఆ సంగతి ఎత్తనివ్వడని చెప్పింది. తర్వాత చిరునామా ఒక చీటీ మీద రాసిచ్చింది. ఆమె సగం రోజు సెలవు పెట్టి బస్సెక్కింది.

ఊరికి ఆ చివర మందుల షాపు ఒకటుంది, దాని వెనక ఒక గది. పాతావిడ ఆ గదిలో ఉంటూ ఆ షాపులోనే పని చేస్తోంది. యాభై దాటి ఉంటుంది. కౌంటరు మీద మాత్రలు లెక్కపెడుతున్న వేళ్ళు చూడగానే ఇవి జెల్ పోసిన వేళ్ళని ఈమెకి తెలిసిపోయింది. తను ఫలానా అని చెప్పుకుంటే ఆవిడ లోపలికి రమ్మంది, మంచినీళ్ళిచ్చింది. ఈమె సంచిలోంచి రిజిస్టరు తీయగానే ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

మీరు రాసుకున్న మాటలన్నీ నాకు జరుగుతున్నాయక్కా అని చెప్పింది ఈమె. రుబ్బుడు, అలసట, ఉప్పు, పాప. చెప్పడం అయ్యేదాకా ఆవిడ అడ్డు రాలేదు.

"సిరాతో రాసినవి నావి. పెన్సిలు రాతలు నావి కావమ్మా" అంది.

స్టోరులో కొత్త కట్ట విప్పి ఇచ్చిన పుస్తకమట అది. ఎవరూ ముట్టుకోనిది. ఎనిమిదో గంట అంకెలు రాయబోతుంటే అంచులో ఆ మాట కనిపించిందట. ఆ మాట ఆ పొద్దునే ఆవిడ ఇంట్లో విని వచ్చింది. తర్వాతి పేజీలో ఇంకోటి. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుందట. చేతిరాతలు పోల్చి చూసిందట, స్టోరక్కది, సారుది, చివరికి తనదే నిద్రలో రాస్తున్నానేమోనని తనది. ఏదీ కలవలేదు.

"తొంభై ఆరు చదివావా?" అని అడిగింది ఆవిడ. లేదు, క్లిప్పు పెట్టానంది ఈమె.

"నేను చదివాను. చదివిన రోజే విన్నాను కూడా. బూటు లేసులు కట్టుకుంటూ అన్నాడు మా ఆయన, నా వైపు చూడనైనా చూడకుండా. అది విని ల్యాబుకి వెళ్ళి, పేజీలో అదే మాట చూసి, పెన్ను అక్కడే పెట్టి వచ్చేశాను. చెప్పనా ఏమిటో?"

"వద్దక్కా" అంది ఈమె.

బస్సులో వస్తుంటే ఆ గింజల గురించి ఆవిడ చివర్లో చెప్పిన మాటే చెవిలో తిరిగింది. ఎనిమిదేళ్ళ కిందటా ఆ మందు ఏ పనీ చెయ్యలేదట. ముంచినా ముంచకపోయినా పాత గింజ గీతలు కదల్లేదట. ఆవిడ అంకెలు అవే చెప్తున్నాయి. పేజీల కింద "చేసినవారు" అన్న చోట మాత్రం ఏ పేరూ లేదు. అన్నీ అయ్యాక ఒకేసారి సంతకం పెడదామనుకుందట.

శుక్రవారం తొంభై ఆరో గంట. ఆమె క్లిప్పు ముట్టుకోలేదు. పొద్దుణ్ణుంచీ ఎవరు నోరు తెరిచినా ఒళ్ళు బిగుసుకుంటోంది. ఆయన పొద్దున ఏమీ అనకుండానే వెళ్ళాడు. అత్తగారు వేణ్ణీళ్ళడిగింది. పాప నిద్ర లేవలేదు. స్టోరక్క ఐసు అయిపోయిందని చెప్పింది, అంతే. మధ్యాహ్నం మూడింటికి జెల్ రంగు తేలింది. కొత్త గింజల వరసలో పై గీతలు దాదాపు కరిగిపోయాయి, కింద సన్నగీతలు వర్షం పడ్డట్టున్నాయి. పాత గింజల వరసలో ఆ లావు గీతలు సోమవారం ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మందులో ముంచిన పాత గింజల వరసా అంతే. నాలుగు రోజులు నీళ్ళు తాగి, ఉబ్బి, లోపల ఒక్క గీత కూడా కదలకుండా. ఆ గింజ పొలంలో పడితే మొదటి రోజు ఉబ్బుతుంది, రైతు చూసి సంబరపడతాడు, నాలుగో రోజుకి కుళ్ళుతుంది. అప్పటికి వాన వెళ్ళిపోయి ఉంటుంది.

మెల్లసారు వచ్చి జెల్ వైపు చాలాసేపు చూశాడు. ఆమె ఎంత కష్టపడుతోందో తనకి తెలుసన్నాడు. ఇంట్లో ముసలావిణ్ణి పెట్టుకుని ఏడింటికే రావడం మాటలు కాదన్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. రేపు ఆఖరి జెల్, కమిటీకి వెళ్ళే ఫొటో అదే. మందు ముంచిన వరసలో కొత్త గింజల రసం పోస్తే చాలు. రెండు రసం గొట్టాలు అటుదిటు మార్చడమే.

ఆయన ఇంకాస్త దగ్గరికొచ్చి, ఇంకాస్త మెల్లగా అన్నాడు.

"ఎవరు చూస్తారమ్మా?"

గదిలో ఏదో మారింది. ఏసీ చప్పుడు ఆగిందో, తన చెవులే మూసుకున్నాయో ఆమెకి తెలియలేదు. వెనక, బీరువా పక్కన, ఎవరో ఊపిరి బిగబట్టినట్టనిపించింది. ఆ మాట పుస్తకంలో ఉందో లేదో ఆమెకింకా తెలీదు. తెలియకుండానే తెలిసింది. ఇన్నేళ్ళుగా తను వండినవి, ఉతికినవి, నూరినవి, రాసినవి, తొమ్మిదింటికి ముందు రెండు గంటలూ, అన్నీ ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాయని తెలిసింది.

"నేను చూశాను సార్" అంది.

గొంతు తనదే గానీ ఎక్కడో దూరంగా వినిపించింది. ఆయన నవ్వబోయి ఆగాడు. సరే, వెళ్ళి రెస్టు తీసుకో, రేపు ఆలోచిద్దాం అని వెళ్ళిపోయాడు. ఆయన అడుగుల చప్పుడు వినపడకుండా పోయాక ఆమె క్లిప్పు తీసింది. తొంభై ఆరో గంట పేజీ అంచులో రెండే మాటలున్నాయి.

"ఎవరు చూస్తారు?"

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన ఆమె కంటే ముందే వచ్చి ఉన్నాడు. మీ సారు నాకే ఫోన్ చేశారన్నాడు. నీకు ఒంట్లో బాగాలేదేమో, నాలుగు రోజులు ఇంటిపట్టున ఉంచమన్నారన్నాడు. నేనూ అదే చెప్పాను, ఏదో పాత పుస్తకం చదివి బెదిరిపోయిందని, అని కూడా అన్నాడు. పుస్తకం సంగతి ఆయనకి చెప్పారా అని ఆమె అడిగింది. దాచాల్సిందేముంది అన్నాడాయన. మంచంమీంచి అత్తగారు, ఉద్యోగం మానేస్తే వేళకి వేణ్ణీళ్ళైనా దొరుకుతాయంది. ఆమె అన్నం పెట్టింది, గిన్నెలు కడిగింది, సంచి తలగడ పక్కన పెట్టుకుంది. సంచిలో రిజిస్టరు ఉంది.

శనివారం ఏడు కాదు, ఆరింటికే వెళ్ళింది. కూర వండలేదు. మూత మీద చీటీ పెట్టలేదు. జెల్ సిద్ధం చేసి, ఏడు కొట్టగానే నూట ఇరవయ్యో గంట గింజలు తీసి, నూరి, ఏ వరసలో పోయాల్సింది ఆ వరసలో పోసింది. మెల్లసారు పదింటికి వచ్చేసరికి జెల్ పరిగెడుతోంది, గొట్టాలన్నీ ఖాళీ. గీతలు తేలాక ఫొటో తీసి, ఐదు రోజుల అంకెలతో కలిపి, కింద తన పూర్తి పేరు రాసి, కమిటీలో ఉన్న ఐదుగురికీ తనే పంపింది. తర్వాత తన అంకెలు ఆవిడ అంకెల పక్కన ఉంటే బాగుంటుందనిపించింది. ఆవిడ లెక్క తొంభై ఆరు దగ్గర ఆగిపోయింది కదా, ఆ తర్వాతి పేజీలో రాద్దామని రిజిస్టరు తిప్పింది.

ఆ పేజీలో సిరా లేదు. గీతలు గీసిన కాగితం, అంతే. అంచులో పెన్సిలుతో, అదే వాలు రాత.

"నేను చూశాను."

వేలితో రుద్దింది. చెదరలేదు. నిన్న మొన్న రాసిందైతే వేలికి అంటుకోవాలి. ఆ అక్షరాలు కాగితంలోకి ఇంకిపోయి ఉన్నాయి, చుట్టూ కాగితం పాతబడి పసుపెక్కింది. ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉన్నాయి. ఒక్క పేజీ తిప్పితే ఆవిడకి కనిపించేవి.

ఆ తర్వాత జరిగినవి చాలా ఉన్నాయి. కమిటీ ఆ గింజల్ని ఇంకో చోటికి పంపి పరీక్ష చేయించింది, అక్కడా గీతలు కదల్లేదు, పాత నిల్వ గోదాముల్లోనే ఉండిపోయింది. నాలుగు నెలలపాటు ఆమెని జెల్లుల దగ్గరికి రానివ్వకుండా సీసాలు కడిగే గదిలో వేశారు. ఇంట్లో అత్తగారు మాట్లాడటం మానేసింది, ఆయన అవసరానికి మించి మాట్లాడసాగాడు. పాప ప్రాజెక్టులో నాన్న చెప్పిన రెండు సంగతులు తప్పని టీచరు ఎర్ర సిరాతో కొట్టేసింది. ఇవన్నీ తర్వాతివి. ఆ శనివారం మధ్యాహ్నం మాత్రం ఆమె ఇంటి బస్సు ఎక్కకుండా ఊరి ఆ చివరికి వెళ్ళే బస్సు ఎక్కింది. దారిలో ఆయన ఫోన్ చేశాడు. అమ్మ మధ్యాహ్నం మాత్రలు ఏవి అని అడిగాడు. డాక్టరు చీటీ మందుల పెట్టెలోనే ఉంది, చదవండి అని చెప్పి ఫోన్ సంచిలో వేసేసింది.

పాతావిడ పేజీ చూసింది. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"ఇది నువ్వు రాశావా?"

"లేదక్కా. అన్నాను."

ఆవిడ, తనకి ఆ వారం మూడు నెలల ట్రైనింగుకి పేరొచ్చిందని, వెళ్తానంటే వాళ్ళాయన అన్నది తొంభై ఆరో గంట మాటేనని చెప్పింది. ఇల్లు, పొయ్యి, పిల్లవాడు, అన్నీ కలిపి చేత్తో ఒక చుట్టు చూపించి, ఎవరు చూస్తారు అన్నాడట. దానికి జవాబు లేదనుకుని రెండేళ్ళు ఇల్లే చూసిందట, ఆ తర్వాత అది కూడా మానేసి ఈ గదికి వచ్చేసిందట. చెప్తూ చెప్తూ రిజిస్టరు తన వైపు లాక్కుంది. జేబులోంచి నీలం పెన్ను తీసి ఎనిమిదో గంట పేజీ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో పేజీ కింద "చేసినవారు" అన్న చోట తన పేరు రాసుకుంటూ వచ్చింది. కౌంటరు దగ్గర ఎవరో పిలిచారు. ఆగమని చెప్పి రాస్తూనే ఉంది. తొంభై ఆరు దగ్గర ఒక్క క్షణం పెన్ను ఆగింది. అక్కడా రాసింది.

అప్పుడిద్దరూ కలిసి మిగిలిన పేజీలు తిప్పారు. ఆవిడ తిప్పుతుంటే ఈమె అంచులే చూసింది. ఒకటి, పది, నలభై. చివరి అట్ట దాకా ఎక్కడా పెన్సిలు రాత లేదు. ఈమెకి ఆ మాటలు చూసినప్పుడు కంటే ఆ తెల్లకాగితాలు చూసినప్పుడే ఎక్కువ భయం వేసింది. సోమవారం తనతో ఎవరు ఏమంటారో ఆ పుస్తకానికి కూడా తెలియదు.